మామయ్య బొటనవేలు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో అందరి కళ్ళూ మామయ్య బొటనవేలి మీదే. ఎడమచేతి బొటనవేలు. పొద్దున లేస్తే దాని సంగతే, భోజనాల దగ్గర దాని సంగతే. పాపం, అది తన పని తాను చేసుకుపోతుంటే మేమంతా కలిసి దాని చేత ఆ పని మాన్పించాలని చూశాం.

మామయ్య వడ్రంగి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన పని, ముందు గదిలో నా కుట్టు మిషను. మధ్యలో వంటిల్లు, అందులో అత్తయ్య. మా ఆయన బస్సు నడుపుతారు కాబట్టి పగటిపూట లెక్కలోకి రారు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను షెడ్డు గుమ్మంలో నిలబడి, చిత్రిక ఈ వైపే ఎందుకు పడుతున్నారు, ఆ చెక్కనెందుకు పక్కన పెట్టేశారు, ఉలిని సుత్తితో కాకుండా కర్రతో ఎందుకు కొడుతున్నారు అని అడిగి అడిగి ఆయన ప్రాణం తోడేసేదాన్ని. ఆయన విసుక్కోలేదు గానీ నాకు ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టేశారు. ఇంట్లో అదే స్థిరపడిపోయింది.

ఆ ఏడు వానలకి ముందే ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ గ్లాసు కింద పెట్టేటప్పుడు బల్ల మీద టకటకమనేది. “చలికి,” అనేవారు. ఎండలు మండిపోతుంటే చలేమిటని ఎవరమూ అడగలేదు. నేను కూడా అడగలేదంటే సంగతి మీకే అర్థమవుతుంది.

తిన్నటి కోతలు ఎలాగో నెట్టుకొస్తున్నారు. వంపు కోతే కుదరడం లేదు. సన్నరంపంతో గీత వెంట పోతుంటే చెయ్యి అదిరి గీత దాటేసేది. సరిగ్గా అప్పుడే లైబ్రరీ వాళ్ళు చదువుకునే గదికి కుర్చీలు కావాలని వచ్చారు. వీపు ఆనే చోట వంపు తిరిగిన కుర్చీలు. ఆ వంపు మామయ్యే కొయ్యాలన్నారు. ఈయన సరే అనేశారు.

“ఈ పని చెయ్యలేకపోతే షెడ్డుకి తాళం వేసేస్తాను,” అన్నారు ఆ పూట అన్నం దగ్గర. “ఆ తర్వాత మీ ఇష్టం. వాకిట్లో కూర్చోబెట్టండి. వచ్చేపోయే వాళ్ళని చూస్తూ కూర్చుంటాను.”

నవ్వుతూనే అన్నారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. పని లేకుండా ఆయన కూర్చోవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు, చూడాలనీ లేదు.

అలా వచ్చింది బ్యాండ్‌సా మిషను. మూతపడిన ఒక పెట్టెల ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పాత సరుకు. కరెంటుతో నడుస్తుంది, రంపం దానంతటదే కోస్తుంది, మనిషి చెక్కని తోసుకుంటూ పోవడమే. “మిషనుకి వణుకుండదు కదా,” అన్నారు మామయ్య. వణుకు అన్న మాట ఆయన నోట అదే మొదటిసారి వినడం.

దాన్ని బిగించడానికి వచ్చిన ఫిట్టరు నా చేతికి చిక్కాడు. మనిషెత్తు మిషను. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెంటినీ చుట్టి మొదలూ చివరా లేని రంపం పట్టీ. మధ్యలో ఇనప బల్ల. పట్టీ పై నుంచి దిగి, బల్లలో ఉన్న చీలికలో దూరి, కింది చక్రం చుట్టి, కనబడని దారిన మళ్ళీ పైకెక్కుతుంది. నా కుట్టు మిషనుకి పెద్దక్కలా అనిపించింది. చూడగానే చుట్టరికం కలిపేసుకున్నాను.

“పళ్ళు కిందికే చూడాలి,” అన్నాడు ఫిట్టరు.

“ఎందుకు?”

“కిందికి లాగుతుంది కాబట్టి చెక్క బల్లకి అతుక్కుని ఉంటుందమ్మా. గుండ్రటి రంపంలా మన మీదికి విసిరికొట్టదు.”

“అయితే భయం లేదన్నమాట,” అన్నారు మామయ్య.

“అదే దీంతో వచ్చిన చిక్కు, మేస్త్రీ. ఇది భయపెట్టదు. చప్పుడు తక్కువ, కుదుపు లేదు. నాలుగు రోజులకి మనిషి దాన్ని మర్చిపోతాడు. అది మాత్రం చెక్కనీ వేలినీ ఒకేలా కోస్తుంది.”

పైనుంచి దిగి పట్టీని ఊగకుండా పట్టుకునే గైడుని చూపించి, చెక్కకి చిటికెనవేలి మందం ఎత్తులో దాన్ని ఉంచాలన్నాడు. కుట్టు మిషనులో గుడ్డ మీదికి పాదం దించినట్టా అని అడిగాను. అలాగే అనుకోమన్నాడు. బాగా పైకి ఉంచితే ఏమవుతుందని అడిగాను.

“పట్టీ ఊగి గీత తప్పుతుంది. పైగా ఖాళీగా ఉన్న పళ్ళన్నీ నీ వేళ్ళకోసం ఎదురుచూస్తుంటాయి.”

“మరి చేతికి గ్లౌజులు వేసుకుంటే?”

“వద్దు. దారప్పోగు ఒక్కటి చిక్కినా చేతిని లాక్కుపోతుంది. వదులు చేతుల చొక్కా వద్దు, వేలాడే జుట్టు వద్దు. కళ్ళకి మాత్రం అద్దాలుండాలి. స్విచ్చి ఆపినా పట్టీ నిలిచేదాకా దగ్గరికి పోకూడదు. పట్టీ టిక్కు టిక్కుమంటే ఎక్కడో చిట్లిందని, ఆపేసి పక్కకి జరగాలి. వంపులో సగం దాకా పోయి, మిషను తిరుగుతుండగా చెక్కని వెనక్కి లాగకూడదు. లాగితే పట్టీ చక్రం మీంచి జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పళ్ళకి ఎదురుగా వేలు ఉండకూడదు. జానెడు దూరంలో చేతులు ఆగిపోవాలి. అక్కణ్ణుంచి ఈ తోపుడు కర్రతో తొయ్యాలి.”

నేను ఇంకేదో అడగబోతే అతను సంచీ సర్దేసుకున్నాడు. “ఈవిడ దగ్గర ఇంకో పూట ఉంటే నా ఉద్యోగం ఈవిడకే ఇచ్చేస్తారు, మేస్త్రీ,” అన్నాడు. వెళ్తూ వెళ్తూ, కొన్నాళ్ళు ప్లగ్గు పీకేసి, గీత పట్టీ వెంటే పోయేలా పలకని పక్కనుంచి జరుపుతూ ఉత్తినే సాధన చెయ్యమని చెప్పాడు. మామయ్య అన్నిటికీ తలూపారు. పుట్టినప్పటి నుంచీ రంపం పట్టినవాడికి చెబుతున్నాడు చూడు అన్నట్టు ఉంది ఆ ఊపడం.

మర్నాడు వాన జోరుగా పడుతోంది. రేకుల మీద మోతకి అరిస్తే గానీ ఒకరి మాట ఒకరికి వినపడడం లేదు. పీకిన ప్లగ్గు గోడకి వేలాడుతోంది. మామయ్య గీత గీసిన చెక్క పలక పెట్టి, గైడు దించి, రెండు చేతులతో మెల్లగా తొయ్యడం మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. పలక అంచు పళ్ళ దగ్గరికి వచ్చే వేళకి, ఎడమచేతి బొటనవేలు పలక మీద నుంచి ముందుకి నడిచి వెళ్ళి, పట్టీకి ఆనుకుని నిలబడింది.

“మామయ్యా, వేలు!”

“ఏ వేలు?”

ఆయన చూసేసరికి అది వెనక్కి వచ్చేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చేతిరంపంతో కొయ్యడం మొదలుపెట్టేటప్పుడు రంపం గీత మీద నిలవదు, జారుతుంది. అందుకని వడ్రంగి ఎడమ బొటనవేలి కణుపుని రంపం పక్కకి ఆనించి, మొదటి గాటు పడేదాకా దానికి గోడలా నిలబెడతాడు. గాటు పడ్డాక వేలు తీసేస్తాడు. మామయ్యకి ఆ పాఠం ఎవరు నేర్పారో గానీ గట్టిగా నేర్పారు. ఆయన షెడ్డులో కోసిన ప్రతి కోతా ఆ వేలితోనే మొదలైంది.

“నేను పెట్టలేదమ్మా,” అన్నారు.

“పెట్టారు మామయ్యా, నేను చూశాగా.”

“నువ్వు చూసింది పెట్టబోవడం అయ్యుంటుంది.”

పెట్టడానికీ పెట్టబోవడానికీ తేడా కనిపెట్టడానికి నేను ముందు గదిలోకి వెళ్ళి నా నీలం సుద్ద తెచ్చాను, గుడ్డ మీద గీతలు గీసుకునేది. పట్టీ చుట్టూ జానెడు మేర సుద్ద పొడి చేసి బల్ల మీదా పట్టీ పక్కలకీ రాసేశాను. “ఇప్పుడు కానివ్వండి,” అన్నాను. ఆయన నా సరదా ఎందుకు కాదనాలని మళ్ళీ పలక తోశారు. తోసి, రెండు చేతులూ ఎత్తి చూపించారు. కుడిచెయ్యి శుభ్రంగా ఉంది. ఎడమ బొటనవేలు నీలంగా ఉంది.

ఆయన ఆ వేలిని వెలుతురులోకి పట్టుకుని చూసుకున్నారు. “ఇదెప్పుడు వెళ్ళింది?” అని అడిగారు, నన్ను కాదు, వేలిని. కోపం రాలేదు ఆయనకి. వింత చూసినట్టు చూశారు. “ఏదీ, మళ్ళీ,” అన్నారు. మళ్ళీ నీలం. ఇంకోసారి చేశారు. ఈసారి వేలి మీదే చూపు నిలిపి తోశారు కాబట్టి వేలు బుద్ధిగా ఉంది, పలక మాత్రం గీత వదిలి ఎటో పోయింది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అత్తయ్య ఆ వేలు చూసి, “ఏమిటది? ఓటేసొచ్చారా?” అన్నారు.

అప్పటి నుంచీ రోజూ అదే. ఆయన షెడ్డు నుంచి రాగానే అత్తయ్య, “ఇవాళ ఎవరు గెలిచారు?” అని అడిగేవారు. వేలే గెలిచేది. వేలిని గుడ్డతో పక్కవేళ్ళకి కట్టేశాం. కట్టి ఉన్నంతసేపూ బాగానే ఉంది, విప్పగానే నీలం. ఎడమచేతికి తోపుడు కర్ర ఇచ్చి చూశాం. కర్రని నాలుగు వేళ్ళతో పట్టుకుని బొటనవేలు ఒక్కటీ బయటికి చాపి ఉంచేవారు. తిట్టి చూశారు. బతిమాలి కూడా చూశారు, నేను విన్నాను.

“ఊరుకోండి నాన్నా,” అన్నారు మా ఆయన ఒకరోజు. “నేను స్కూటరు ఎక్కినా కాలు బస్సు బ్రేకు కోసం వెతుకుతుంది.”

“స్కూటరు దాకా ఎందుకురా, మంచం మీద పడుకుని కూడా బ్రేకు తొక్కుతావట,” అన్నారు అత్తయ్య. ఆ మాట ఆవిడకి మోసింది నేనే కాబట్టి నేను పప్పులో గరిటె వెతుక్కున్నాను.

నాకు మాత్రం పొద్దస్తమానం ఆ వేలే బుర్రలో తిరిగేది. మనిషికి తెలియకుండా వేలికి తెలియడం ఏమిటి? వెళ్ళొద్దని ఆయన చెబుతున్న మాట భుజం దాకా వస్తోందా, మోచేతి దాకా వస్తోందా, ఎక్కడ ఆగిపోతోంది? నా జాకెట్ల పని అటకెక్కింది. కుట్టించుకునే వాళ్ళు వచ్చి అడిగితే వానల మీద నెట్టేశాను.

కొన్ని వారాలు పోయాక ఒకరోజు వేలు తెల్లగా వచ్చింది. మర్నాడు కూడా తెల్లగా వచ్చింది. ఆ మర్నాడూ అంతే. అత్తయ్య నమ్మక, కడుక్కుని వచ్చారా అని అడిగారు. మామయ్య వెళ్ళి ప్లగ్గుని గోడ మీది సాకెట్లో గుచ్చారు.

ముందు పనికిరాని ముక్కలు కోశారు. మిషను హుమ్మని పాడుతూ వంపు వెంట మెత్తగా పోయింది. చెయ్యి వణుకుతున్నా, చెక్క ఇనప బల్లకి ఆని ఉంది కాబట్టి గీత చెదరలేదు. కోసిన అంచు మీద అరచెయ్యి వేసి ఆ చివరి నుంచి ఈ చివరికి నిమిరారు. ఆయన ముఖం అంత తేటగా ఉండి ఎంత కాలమైందో. నాకు గంతులెయ్యాలనిపించింది. సుద్ద పొడి మాత్రం రోజూ రాస్తూనే ఉన్నాను, ఎందుకైనా మంచిదని.

తర్వాత అసలు పలక పెట్టారు, మొదటి కుర్చీ వీపుది. సగం దాకా పోయాక చెక్కలో ముడి ఒకటి అడ్డం వచ్చింది. మిషను గొంతు మారింది. ముడి దగ్గర పట్టీ పక్కకి లాగుతున్నట్టుంది. నేను ఆ ముడినే చూస్తున్నాను.

మామయ్య తనే స్విచ్చి ఆపారు. పట్టీ పూర్తిగా నిలిచేదాకా కదలకుండా నిలబడ్డారు. తర్వాత ఎడమచెయ్యి ఎత్తి నాకు చూపించారు. రక్తం లేదు, గీరుకోలేదు. బొటనవేలి కణుపు మీద నీలం ఉంది, అంతే.

“ఈసారి కరెంటు ఉంది,” అన్నారు.

ఆయన ఆ వేలిని ఇంకో చేత్తో పట్టుకున్నారు.

“దీనికి నేర్పింది నేనే,” అన్నారు. “నేర్పింది బాగా నేర్చుకుంది. ఇప్పుడొచ్చి మర్చిపొమ్మంటే ఎలా వింటుంది? దాని తప్పేం లేదు.”

ప్లగ్గు పీకేసి, చేతులు కడుక్కుని, ఇంట్లోకి వెళ్ళిపోయారు.

మళ్ళీ షెడ్డుకి రాలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వాన పడితే కుర్చీ లోపలికి జరుపుకునేవారు, తగ్గితే బయటికి. అడ్డొచ్చినట్టు ఎవరికీ కనబడకూడదని ముడుచుకుని కూర్చునేవారు. మా ఆయన ఎవరినైనా పనిలోకి పెడదామంటే, “నా గీత వాడికేం తెలుసు?” అన్నారు. లైబ్రరీకి చెయ్యలేమని కబురు పంపేద్దామంటే కుర్చీ ఇంకాస్త పక్కకి జరుపుకున్నారు.

“వేళ్ళున్నాయి, అదే పదివేలు. ఆ మిషను అమ్మెయ్యండి,” అని అందరి ముందూ గట్టిగా అన్న అత్తయ్య, వంటింట్లోకి వచ్చి ఖాళీ గిన్నె తోముతూ ఏడ్చారు. “ఆయన్ని అలా చూడలేనే,” అన్నారు నాతో. నాకూ ఏడుపొచ్చింది. ఆ సుద్ద నేను రాయకపోతే ఆయనకి తెలిసేదే కాదు, కులాసాగా కోసుకునేవారు. తెలియకుండా ఉంటే ఏమయ్యేదో కూడా నాకు తెలుసు. రెండూ నిజమే, రెండింటితోనూ వంటింట్లో నిలబడ్డాను.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే షెడ్డులోకి వెళ్ళాను. ఆ వేలి గుట్టేమిటో నా చేతులతో నేను చూడాలనిపించింది. ప్లగ్గు గోడకి వేలాడుతోందని రెండోసారి కూడా చూసుకుని, బల్ల మీద సుద్ద రాసి, ఆయన గీసి వదిలేసిన పలక ఒకటి పెట్టి తోశాను. నా చూపు గీత మీద, పట్టీకి కొంచెం ముందుగా. బట్ట కుట్టేటప్పుడు సూదిని చూడం, సూది రాబోయే చోటు చూస్తాం. వంపు వచ్చినచోట నా నడుము కూడా వంపు తిరిగింది.

“ఎందుకమ్మా.”

గుమ్మంలో మామయ్య, నెత్తిన తువ్వాలు కప్పుకుని. నేను పలక వదిలేశాను.

“చేతులు చూపించు,” అన్నారు.

చూపించాను. పదివేళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. ఆయన దగ్గరికొచ్చి నా బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూశారు.

“నీకెందుకు అంటలేదు?”

ఆయన నన్ను ఎందుకని అడగడం అదే మొదలు.

“దీనికి చేతిరంపం తెలియదుగా, మామయ్యా.”

ఆయన నవ్వారు. వాకిట్లో కుర్చీ వేసుకున్న తర్వాత అదే మొదటిసారి నవ్వడం. నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుని, “ఏదీ, మళ్ళీ తొయ్యి,” అన్నారు. సాయంత్రం టీకి పిలవడానికి అత్తయ్య వచ్చేదాకా నా చేత తోయిస్తూనే ఉన్నారు. గైడు ఎక్కువ ఎత్తితే కసిరారు. చేతులు పక్కలకి పెట్టి తోయమన్నారు. ఫిట్టరు చెప్పినవన్నీ పొల్లుపోకుండా నాకు అప్పజెప్పారు. తలూపడమే అనుకున్నాం గానీ, మనిషి అన్నీ విన్నారు.

“ఏమిటిది?” అన్నారు అత్తయ్య గుమ్మంలో.

“అమ్మాయి కోస్తుంది,” అన్నారు మామయ్య.

“మీ వేలు దక్కిందనుకుంటే ఇప్పుడు దీని వేళ్ళా? కుట్టుకుని బతికే వేళ్ళండీ అవి!”

“నాకు చెయ్యాలని ఉంది అత్తయ్యా,” అన్నాను. అప్పటిదాకా ఆ సంగతి నాకే తెలియదు. అనేశాక తెలిసింది.

అత్తయ్య నన్ను చూశారు, ఆయన్ని చూశారు. ఆయన స్టూలు మీద వాకిట్లోలా ముడుచుకుని లేరు, ముందుకి వంగి కూర్చున్నారు. “నేను చూస్తుండగానే మొదలుపెట్టాలి,” అని మాత్రం అన్నారావిడ.

చూస్తానన్న మనిషి మర్నాడు ప్లగ్గు పెట్టగానే కళ్ళు గట్టిగా మూసేసుకున్నారు. నేను జుట్టు ముడి వేసి, చేతికున్నవన్నీ తీసి, పొట్టి చేతుల చొక్కా తొడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకున్నాను. స్విచ్చి వేశాను. కాళ్ళ కిందనుంచి చిన్న అదురు వచ్చింది. పలక పళ్ళకి తగిలినప్పుడు నేను తోస్తున్నట్టే లేదు, చెక్క తనకు తాను తెరుచుకుంటున్నట్టు ఉంది. పొట్టు వాసన గుప్పున వచ్చింది. నాకు భయం వేసింది, దాని పక్కనే చెప్పలేనంత సరదా కూడా వేసింది.

వంపు బాగా తిరిగే చోటికి ముందు, పారేసే వైపు నుంచి గీత దాకా చిన్న చిన్న గాట్లు పెట్టుకున్నాను. అప్పుడు వంపులో పోతుంటే పనికిరాని ముక్క విడివిడిగా రాలిపోయింది, పట్టీ ఎక్కడా ఇరుక్కోలేదు.

“అది నీకెవరు చెప్పారు?” అని మోతలోనే అరిచారు మామయ్య.

“మెడ వంపు కుట్టాక గాట్లు పెడతాంగా! లేకపోతే గుడ్డ తిరగదు!”

ఆయన తొడ మీద చరుచుకున్నారు. కోత పూర్తయింది. స్విచ్చి ఆపాను. మోత పోయింది, షెడ్డు నిశ్శబ్దంగా అయిపోయింది. పట్టీ పక్కన ఒక చిన్న ముక్క పడి ఉంటే తుడిచేద్దామని చెయ్యి చాపాను.

“చెయ్యి!”

ఆ అరుపుకి అత్తయ్య కళ్ళు తెరిచారు. నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. మామయ్య లేచి, మూలనున్న పొడుగు పుల్ల ఒకటి తీసుకుని, దూరం నుంచే దాని కొసని పట్టీకి తగిలించారు. పట్టీ కదలనట్టే కనబడుతోంది. పుల్ల కొస చప్పుడు లేకుండా తెగి బల్ల మీద పడింది.

మోటారు ఆగినా చక్రాలు వేగం తగ్గేదాకా తిరుగుతూనే ఉంటాయి. నాకు తెలియక కాదు, మామయ్య నాకు అప్పజెప్పిన వాటిలో అదీ ఉంది. కానీ కుట్టు మిషను మీద కాలు ఆగితే సూది ఆగుతుంది, సూది ఆగగానే చెయ్యి వెళ్ళి దారం తెంపి ముక్కలు తుడిచేస్తుంది. రోజుకి ఎన్నిసార్లు తుడుస్తానో నేనెప్పుడూ గమనించుకోలేదు.

“నీకూ ఉందమ్మా ఒక వేలు,” అన్నారు మామయ్య. “కంగారుపడకు. నా వేలు నువ్వు చూశావు. నీది నేను చూస్తాను.”

ఆ రోజు నుంచి మిషను దగ్గర మాకో మాట కుదిరింది. నేను స్విచ్చి ఆపగానే చేతులు రెండూ వెనక్కి కట్టుకుంటాను. ఆయన స్టూలు మీద నుంచి పట్టీనే చూస్తూ ఉంటారు. పూర్తిగా నిలిచాక “ఆగింది” అంటారు. ఆయన ఆ మాట అనేదాకా నేను బల్ల మీద చెయ్యి పెట్టను. మొదట్లో ఆలస్యమవుతోందని నాకు చిరాకేసేది. ఆయన కావాలని ఇంకొంచెం ఆగి అంటున్నారని కూడా అనుమానం. “ఆగిందిగా మామయ్యా,” అంటే, “నాకు ఇంకా ఆగలేదు,” అనేవారు. ఆయన లేకుండా నేను ప్లగ్గు ముట్టుకోకూడదు. ఆయన మిషను ముట్టుకోకూడదు. ఈ రెండో షరతు ఆయనకి ఆయనే పెట్టుకున్నారు.

ఆయన గీసేవారు, నేను కోసేదాన్ని, ఆయన చిత్రిక పట్టి అతుకులు బిగించేవారు. గీత గీసేటప్పుడు చెయ్యి వణక్కుండా ఒక చేత్తో ఇంకో మణికట్టు పట్టుకునేవారు. వంపు తప్పితే మొహమాటం లేకుండా పలక పక్కకి పారేసేవారు. అత్తయ్య షెడ్డులోకే టీ తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టి, మెల్లగా ఓ మూల పీట వేసుకుని కూరగాయలు కూడా అక్కడే తరిగేవారు. “కత్తిపీట దగ్గర మాత్రం మీరెవరూ నన్ను చూడరు,” అని ఆవిడ కినుక.

వానలు వెనకబట్టే వేళకి కుర్చీలన్నీ షెడ్డులో వరసగా నిలబడ్డాయి. లైబ్రరీ పెద్దాయన చూడడానికి వచ్చారు. గొడుగు గోడకి ఆనించి, ప్రతి కుర్చీ వీపునీ అరచేత్తో నిమురుకుంటూ వరస చివరిదాకా వెళ్ళారు.

“మేస్త్రీ, నీ చెయ్యి వణుకుతోందని ఊళ్ళో ఎవరో అంటే నాకు భయం వేసింది సుమా,” అన్నారాయన. “అడగలేక ఊరుకున్నాను. ఈ వంపు చూశాక తెలిసింది, గిట్టనివాళ్ళెవరో పుట్టించారని. చెక్కుచెదరలేదయ్యా నీ చెయ్యి!”

కత్తిపీట మీద అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. నేను తల వంచుకుని పొట్టు ఊడుస్తున్నట్టు నిలబడ్డాను. ఔను అనేస్తే పోతుంది. అనమనే నా మనసులో ఉంది. ఇంతకాలం చలి అని చెప్పి దాచుకున్నది ఇంకొక్కసారి దాచుకుంటే ఎవరికేం పోయింది?

మామయ్య కుడిచెయ్యి ముందుకి చాపి, ఆయన కళ్ళెదురుగా అలాగే పట్టుకున్నారు. అది వణుకుతోంది. ఆపడానికి రెండో చెయ్యి తేలేదు. పెద్దాయన బాగా చూసేదాకా ఉంచారు.

“వాళ్ళు చెప్పింది నిజమేనండీ. గీత నాది. కోసింది మా కోడలు.”

పెద్దాయన నా వైపు తిరిగారు. “నువ్వా తల్లీ? ఇదెక్కడ నేర్చుకున్నావు?”

అందరినీ అడిగే నేను, ఒకరు అడిగేసరికి మామయ్య వైపు చూశాను. మామయ్యే చెప్పారు.

“నాకు నేర్పబోయి నేర్చుకుంది.”

చెప్పి, వరసలో మొదటి కుర్చీని తువ్వాలుతో తుడిచి నా వైపు తిప్పారు. “ఒక్క నిమిషం ఆగండి బాబూ, ఇంకా ఎవరూ కూర్చోలేదు వీటిలో,” అన్నారు ఆయనతో. నాతో, “కూర్చోమ్మా,” అన్నారు.

మామయ్య నిలబడి ఉండగా నేను కూర్చున్నాను. వీపు వెనక్కి ఆనించాను.